ఉత్తరం వైపు మలుపు

గ్రేడీ వెల్స్, ఒక్లహోమా
సెప్టెంబరు, 1998

ట్వైలా,

మంగళవారం నాడు డెల్మర్ యోస్ట్ కంట్లో లేజర్ వేశాను. ఈ ముక్క ముందు రాసేస్తే గానీ నా చెయ్యి నిలవదు. నీ ఒంట్లో ఎలా ఉంది, మీ ఆయన లోవెల్ నడుంనొప్పి తగ్గిందా, మీ వైపు వాన పడిందా, అవన్నీ తర్వాత అడుగుతాను.

డెల్మర్ నీకు తెలిసినవాడే. మా పెళ్ళి పాతికేళ్ళ విందులో అకార్డియన్ వాయించి అందరినీ తినకుండా చేసిన పందుల రైతు. రెండేళ్ళ కిందట ఒక్లహోమా సిటీ వెళ్ళి శుక్లం తీయించుకున్నాడు. ఇప్పుడు లోపల పెట్టిన లెన్సు వెనకాల పొర మసకబారింది. లేజరుతో ఆ పొర మధ్యలో చిన్న కిటికీ తెరిస్తే చాలు. కత్తీ లేదు, కుట్టూ లేదు. దానికోసం ఇన్నాళ్ళూ మా జనం పొద్దున్నే బయల్దేరి అంతదూరం సర్జను దగ్గరికి పోయేవాళ్ళు. మొన్న వసంతంలో మా శాసనసభ తేల్చేసింది కదా, మనలాంటి కళ్ళద్దాల డాక్టర్లు శిక్షణ తీసుకుని పరీక్ష గట్టెక్కితే ఈ పని చేయవచ్చని. నేను గట్టెక్కాను. యంత్రం ఆగస్టులో వచ్చింది. నెలంతా అట్టముక్కల మీదా, కోడిగుడ్డు పెంకుల మీదా పేల్చి పేల్చి చెయ్యి తిప్పుకున్నాను.

"నొప్పి పుడుతుందా డాక్టరమ్మా?" అన్నాడు డెల్మర్, గడ్డం ఆనించి.

"పుట్టదు. టిక్ టిక్‌మంటుంది. కదలకు."

"కదిలితేనో?"

"నిన్ను దింపేసి మీ ఆవిణ్ణి కూర్చోబెడతా."

కదల్లేదు. మర్నాడు పొద్దున్నే నేను తలుపు తీయకముందే మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. "నా పందులకి మచ్చలున్నాయి డాక్టరమ్మా! మా ఆవిణ్ణి అడిగితే పుట్టినప్పట్నుంచీ ఉన్నాయంటోంది!" అన్నాడు.

మెంఫిస్‌లో చదివేటప్పుడు మన క్లాసులో ఆడవాళ్ళం ఇద్దరమే. "మీకు ఫ్రేములు ఎంచడం బాగా వస్తుందిలే" అన్న పెద్దమనిషి గుర్తున్నాడా? ఇవాళ ఆయన్ని తల్చుకుని రెండు ముక్కలు పీకన్ గింజల తీపి పై తిన్నాను.

మీ టెక్సస్‌లో అన్నీ పెద్దవేనంటారుగా. మరి చట్టం ఒక్కటీ అంత చిన్నదేమే?

ఫోన్ చేయకు. ఫోన్లో సగం మాటకే "సరే ఉంటా" అంటావు. రాయి.

ఓలీటా


హార్లన్, టెక్సస్
అక్టోబరు, 1998

ఓలీటా,

అభినందనలు. నిజంగానే అంటున్నాను. ఇక కాస్త కిందికి దిగు, నీ ఉత్తరం విప్పగానే పొగరు నేలంతా ఒలికింది, తుడుచుకోలేక చచ్చాను.

మన రెండూళ్ళ మధ్య ముప్పావుగంట ప్రయాణం. మధ్యలో ఎవడో పటం మీద గీసిన గీత ఒకటి. గీతకి అటు నువ్వు లేజర్ పట్టుకున్న డాక్టరువి, ఇటు నేను "అయ్యో, దీనికి మీరు అమరిల్లో పట్నానికి వెళ్ళాలండీ" అని చెప్పేదాన్ని. నాకు కుళ్ళుగా లేదని అబద్ధం ఎందుకు చెప్పాలి? ఉంది.

అయితే ఒక సంగతి. వచ్చే వసంతంలో ఇక్కడ కూడా మీలాంటి బిల్లే సభకి వస్తుందట. మొన్న డాక్టర్ బాస్కమ్ అమరిల్లో నుంచి నెలవారీ క్లినిక్‌కి వచ్చినప్పుడు కేఫ్‌లో కూర్చోబెట్టి చెప్పాడు. ఆయన నీకు ఎప్పుడూ నచ్చడు. కానీ ఇరవై ఏళ్ళుగా ఈ ఊరికి వచ్చే కంటి సర్జను ఆయనొక్కడే. నేను పంపిన ఏ కన్నూ ఆయన చేతిలో చెడలేదు.

"ట్వైలాగారూ, మీరు రాజధానికి వచ్చి నాలుగు మాటలు చెప్పాలి. నేను చెబితే తన పొట్ట కోసం చెబుతున్నాడంటారు. మీరే వద్దంటే వింటారు" అన్నాడు.

"నేనెందుకు వద్దంటానండీ?"

"లేజర్ వేయడం వారంలో నేర్పొచ్చు. వేయకూడనప్పుడు ఆగడం ఎన్నేళ్ళకి వస్తుంది, చెప్పండి?"

దానికి జవాబు నీ దగ్గరుందా?

ఇంకోటి. ఆ పొర సంగతి సరే, కనుపాప చుట్టూ ఉండే రంగుపొరకి రంధ్రం వేసే పని కూడా చేస్తున్నావా? కంట్లో నీరు బయటికి పోయే మూల ఇరుకైనవాళ్ళకి చేసేది. చేస్తుంటే ఎలా ఉంటోంది? తర్వాత ఒత్తిడి పెరిగినవాళ్ళున్నారా? వివరంగా రాయి.

లోవెల్ నడుం అలాగే ఉంది. వాన లేదు.

ట్వైలా


గ్రేడీ వెల్స్
అక్టోబరు చివర

ట్వైలా,

మీ బాస్కమ్ మాట మంచిదే. ఆయన నోట వచ్చింది కాబట్టి తప్పయిపోదు. నా దగ్గరున్న జవాబు రాస్తాను, చూడు.

పోయినవారం మా స్కూల్లో వంట చేసే వెల్డా వచ్చింది. డెల్మర్‌కి ఉన్నట్టే లెన్సు వెనక మసక. "నాకూ ఆ టిక్ టిక్ చేసెయ్యి, శుక్రవారం పిల్లలకి పీజా చెయ్యాలి" అని కూర్చుంది. కనుపాపలు వెడల్పు చేసే చుక్కలు వేసి వెనకదాకా చూశాను. కంటి వెనక తెర అంచున చిన్న చిరుగు. మసక తీస్తే ఆవిడ సంతోషించేది, నన్ను పొగిడేది, నెల తిరక్కుండా ఆ తెర ఊడిపోయేదేమో. యంత్రం స్విచ్ కట్టేసి ఆ పూటే సిటీకి పంపాను. "ఇంత ఖరీదు యంత్రం కొనుక్కుని నన్ను పొమ్మంటావా!" అని తిట్టుకుంటూ పోయింది. చిరుగు అతికించారు. ఆగడం ఎన్నేళ్ళకి వస్తుందంటే, మనం ఇరవయ్యారేళ్ళుగా ప్రతి కంటి వెనకా చూస్తూ కూర్చున్నాం కదే. అప్పుడే వచ్చింది.

రంగుపొర రంధ్రం కూడా చేస్తున్నాను. రంగుపొర ముందుకి ఉబ్బి నీరు పోయే మూలని మూసేస్తుంది కదా, పైన రెప్ప కింద దాగేచోట సన్నటి రంధ్రం పెడితే వెనకనున్న నీరు ముందుకి వచ్చేసి, పొర వెనక్కి వాలుతుంది. ఆ వాలడం కళ్ళారా చూస్తే తెలుస్తుంది నీకు.

ఒత్తిడి పెరిగినవాళ్ళున్నారా అంటే, ఉన్నారు. రూబీ ఆక్స్‌నర్. రంధ్రం శుభ్రంగా పడింది, గంట తర్వాత చూస్తే ఒత్తిడి రెట్టింపు. చుక్కలు వేశాను, మాత్ర ఇచ్చాను, ఇంటికి పోనివ్వలేదు. సాయంత్రందాకా నా గదిలో కూర్చోబెట్టి చీటికీ మాటికీ కొలిచాను. ఆవిడ నా కుర్చీలో స్వెటరు చెయ్యి ఒకటి అల్లేసింది. దిగింది. మర్నాడు మామూలే. ఆ పూట ఎంత భయపడ్డానో నీకు తప్ప ఎవరికీ చెప్పను.

ఇంకా ఏం కావాలో అడుగు.

ఓలీటా


హార్లన్
నవంబరు, 1998

ఓలీటా,

వెల్డా సంగతి చదివి నవ్వుకున్నాను. రూబీ సంగతి మూడుసార్లు చదివాను.

ఇంకొన్ని అడుగుతాను, విసుక్కోకు. అలా ఒత్తిడి పెరగడం ఎంతమందిలో చూశావు? రక్తం కనిపించిందా ఎవరికైనా? రంధ్రం పడ్డాక వెలుగు గీతలా కనిపిస్తోందని ఎవరైనా అన్నారా? బాగా మంటపుట్టి ఎర్రబడిన కంటికి వేశావా ఎప్పుడైనా, లేక చల్లగా ఉన్న కళ్ళకేనా? నీకు దగ్గరివాళ్ళకి, అంటే చుట్టాలకో స్నేహితులకో చేశావా? చెయ్యి వణికిందా? వణికితే వణికిందని రాయి, నాకు నిజం కావాలి.

ఇక్కడ ఫుట్‌బాల్ గోలే గోల. మా స్కూలు కుర్రాళ్ళు పన్నెండేళ్ళ తర్వాత జిల్లా పోటీ గెలిచారట. "గెలిచారట" అనడం ఎందుకంటే సగం ఆటలోనే లేచి వచ్చేశాను, తలనొప్పి. లోవెల్ ఇప్పటికీ దెప్పుతున్నాడు. "ఊరంతా ఏడ్చి చచ్చింది సంతోషంతో, నువ్వు మాత్రం కారులో కళ్ళు మూసుకుని కూర్చున్నావు" అంటాడు.

తొందరగా రాయి.

ట్వైలా


గ్రేడీ వెల్స్
నవంబరు చివర

ట్వైలా పెన్నర్‌గారికి,

గారు ఎందుకో మీకే తెలుసు.

నిన్న లెన్సులు అమ్మే గార్లండ్ వచ్చాడు. వాడు మీ ఊరూ మా ఊరూ అమరిల్లో అన్నీ తిరుగుతాడు కదా. మాటల్లో అన్నాడు, "మీ ఫ్రెండు ట్వైలాగారు రాజధానిలో మాట్లాడుతున్నారటగా, డాక్టర్ బాస్కమ్ తరఫున. ఒక్లహోమాలో ఎక్కడెక్కడ తేడాలొచ్చాయో కేసులు కూడబెడుతున్నారట" అని. నేను కాఫీ కప్పు కింద పెట్టి, "అవునా" అన్నాను. ఇంకేమనాలి?

ఎంతమందికి ఒత్తిడి పెరిగింది, రక్తం వచ్చిందా, చెయ్యి వణికిందా. నేనెంత వెర్రిదాన్నంటే, నీ నవంబరు ఉత్తరానికి జవాబు సగం రాసేసి ఉంచాను కూడా.

రూబీ పేరు చెబుతారా సభలో, లేక "ఒక వృద్ధురాలు" అంటారా? స్వెటరు సంగతి కూడా చెప్పండి, బాగా రక్తి కడుతుంది.

బిల్లుకి అడ్డం చెప్పడం నీ హక్కు. నా మొహం మీద చెప్పి ఉంటే పోట్లాడి, తర్వాత అన్నం పెట్టేదాన్ని. నా చేతే తవ్వించి నన్నే పాతిపెడదామనుకున్నావు చూడు, అది మింగుడు పడటం లేదు.

ఇక రాయకు.

ఓలీటా స్ట్రిక్లిన్


హార్లన్
డిసెంబరు, 1998

ఓలీటా,

రాయొద్దన్నావు. రాస్తున్నాను. మొన్న శనివారం నీ దగ్గర అంతసేపు కూర్చున్నా మనం పట్టుమని పది మాటలు మాట్లాడుకోలేదు. "గడ్డం ఆనించు", "నా చెవి వైపు చూడు", "ఊపిరి పీల్చుకో". లోవెల్ మధ్యలో కూర్చుని వాతావరణం గురించి నీతో, నీ కుక్క గురించి నాతో మాట్లాడుతూ నలిగిపోయాడు పాపం. మాట్లాడాల్సినవి ఇక్కడ చెబుతాను.

బాస్కమ్‌కి సరేనన్నమాట నిజం. అక్టోబరులోనే అన్నాను. నీకు రాయడానికి నోరు రాలేదు. ఆ తిట్లు నావే, తీసుకుంటాను. కానీ నీ కేసులు ఒక్కటీ ఆయన చెవిన వేయలేదు. నిన్ను అడిగిన ప్రశ్నలు ఆయన కోసం కాదు. నా కోసం.

ఆగస్టు నుంచీ సాయంత్రాలు కుడికంటి పైన బరువుగా ఉండేది. స్టేడియంలో దీపాల చుట్టూ రంగురంగుల ఉంగరాలు కనిపించాయి. పేషెంటు వచ్చి ఆ మాట అంటే మనం కుర్చీలోంచి లేవనివ్వం. నేను మాత్రం తలనొప్పి అనుకున్నట్టు నటించాను, నా ముందే. మా అమ్మ సంగతి నీకు ఎప్పుడూ చెప్పలేదు. కోతల వారంలో కన్ను పోట్లు పొడిచి వాంతులు చేసుకుంటే, ఎండదెబ్బ అని వెనిగర్ గుడ్డ వేసి పడుకోబెట్టారు. కోతలు అయ్యాక డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. అప్పటికి ఆ కంట్లో చూపు లేదు. మూడేళ్ళకి రెండోది కూడా. నీటికాసులు, గ్లకోమా అన్న మాటలు మా ఇంట్లో మొదటిసారి అప్పుడే విన్నాం. నాకూ అమ్మ కళ్ళే వచ్చాయి, చిన్నవి, దగ్గరివి ఆననివి, నీరు పోయే మూల ఇరుకైనవి. ఇవన్నీ తెలిసి కూడా వెళ్ళి చూపించుకోలేదు. భయం, ఓలీటా. వేరే ఏమీ కాదు.

శుక్రవారం నీ ఉత్తరం వచ్చింది. శనివారం మధ్యాహ్నం చర్చికి పెప్పర్‌నట్ బిస్కెట్ల పిండి బిళ్ళలుగా కోస్తున్నాను. కంట్లో గొడ్డలి దిగినట్టయింది. సింకు దగ్గరికి వెళ్ళేలోపే వాంతి. లోవెల్ మొహం పొగమంచులో ఉన్నట్టుంది. క్లినిక్‌కి తీసుకెళ్ళమన్నాను. బాస్కమ్ తన క్లినిక్ రోజుకని నా అలమారలో పెట్టుకునే చుక్కలుంటే అవి వేసుకుని, అమరిల్లోకి ఫోన్ చేశాను. ఆయన కొలరాడోలో ఎల్క్ దుప్పుల వేటకి వెళ్ళాడు. ఆయన పార్ట్‌నరు ఎత్తాడు. మర్యాదస్థుడు. "వెంటనే బయల్దేరండి, నేను ఆసుపత్రిలో సిద్ధంగా ఉంటాను" అన్నాడు.

ఊరి చివర గోధుమ గిడ్డంగి దగ్గర నాలుగు దారుల కూడలి ఉంది చూడు, అక్కడ లోవెల్ బండి ఆపేశాడు.

"దక్షిణానికి రెండు గంటలు. ఉత్తరానికి ముప్పావుగంట. చెప్పు" అన్నాడు.

"ఆవిడ నాతో మాట్లాడటం లేదు."

"నీకు కావలసింది మాటలా, లేజరా?"

దగ్గరని నీ దగ్గరికి రాలేదు. ఇది నువ్వు నమ్మాలి. ఆ చుక్కలకి పోటు కాస్త ఆగింది, రెండు గంటలు ఓర్చుకునేదాన్నే. కళ్ళు మూసుకుని ఒకటే ఆలోచించాను. బాస్కమ్ ఇరవై ఏళ్ళలో తన చేతిలో ఏదైనా తేడా వచ్చిందని నాకు ఒక్కసారి చెప్పలేదు. రాకుండా ఉంటుందా? నువ్వు మాత్రం అడగ్గానే రూబీ సంగతి రాశావు, నువ్వెంత భయపడ్డావో రాశావు. తేడా వస్తే దాచని మనిషి చేతిలో నా కన్ను పెడతాను అనుకున్నాను. "ఉత్తరానికి తిప్పు" అన్నాను. లోవెల్ సరే అనకుండానే తిప్పాడు. తను ముందే అనుకున్నట్టున్నాడు.

ఇన్నేళ్ళూ పేషెంట్లకి "లేజర్ వేస్తే ఏమీ తెలియదండీ" అని చెప్పి పంపాను. తెలుస్తుందే! కంటి లోపల రబ్బరు బ్యాండు లాగి వదిలినట్టు చురుక్కుమంది, ప్రతిసారీ. ఇకనుంచి వాళ్ళకి ఆ మాటే చెబుతాను.

ఆదివారం పొద్దున లేచేసరికి లోవెల్ గడ్డంలో తెల్ల వెంట్రుకలు కనిపించాయి. ఎన్నాళ్ళనుంచి ఉన్నాయో.

నీ కోపం పోయేదాకా ఉండనీ. బిళ్ళలు వేరే డబ్బాలో పంపుతున్నాను. అవి మాత్రం తిను.

ట్వైలా


గ్రేడీ వెల్స్
క్రిస్మస్ మర్నాడు

ఒసేయ్ పిచ్చిదానా,

బిళ్ళలు తిన్నాను. డెల్మర్‌కి రెండు పెట్టాను. వాడిది మూసుకుని ఉండే నోరు కాదు కాబట్టి మొత్తం ఊరికి తెలిసిపోయింది, టెక్సస్ డాక్టరమ్మ ఇక్కడికొచ్చి వైద్యం చేయించుకుందని. పేరు మాత్రం నేను చెప్పలేదు. వాళ్ళే చెప్పుకుంటున్నారు.

ఆ రోజు వెనక తలుపు దగ్గర నిన్ను చూసి, పోట్లాడటానికి వచ్చావనుకున్నాను. నాలుగు మాటలు సిద్ధం చేసుకున్నాను కూడా, మంచివి. నీ కన్ను చూశాక ఒక్కటీ గుర్తులేదు. ఎర్రగా, పాప పెద్దదై కదలకుండా, నల్లగుడ్డు మీద ఆవిరి పట్టిన అద్దంలా. ఒత్తిడి కొలిచి అంకె నీకు చెప్పలేదు. నువ్వూ అడగలేదు. ఇప్పుడు కూడా చెప్పను.

నువ్వు సాయంత్రమంతా ఆ సోఫాలో పడుకుని ఉన్నావు, చుక్కలకీ మాత్రలకీ ఒత్తిడి దిగి కన్ను తేటపడేదాకా. నేను పక్క గదిలోకి వెళ్ళింది లెన్సు తేవడానికని చెప్పాను కదా. ఫోన్ చేయడానికి వెళ్ళాను. సిటీలో ఐనెజ్ విట్లో అని సర్జను ఉంది, నేను పంపే కేసులన్నీ చూసేది ఆవిడే. అనుమతి కోసం కాదు. ఇంకో రెండు చెవులు వింటే మంచిదని. నీ కొలతలన్నీ చదివాను.

"తేటపడిందా?" అంది.

"పడింది. రంగుపొర కనిపిస్తోంది."

"మరి ఇంకా ఫోన్లో ఏం చేస్తున్నావు? చెయ్యి ఎలా ఉంది?"

"నిలకడగా ఉంది."

"మనసో?"

"దాని సంగతి రేపు చూసుకుంటా."

"అయితే వెయ్యి. తేడా అనిపిస్తే నేనిక్కడే ఉన్నాను" అంది.

అదే నీ ప్రశ్నకి జవాబు. దగ్గరివాళ్ళకి చేశావా, చెయ్యి వణికిందా అన్నావు. చేశాను. వణకలేదు. నువ్వు వెళ్ళాక గిన్నెలు కడుగుతుంటే వణికింది, ఒక ప్లేటు పోయింది.

ఇంకోటి చెప్పాలి. నాలుగో దెబ్బకి రంగుపొరలోంచి పొగలా లేచింది, వెనక నీరు తోసుకుంటూ వచ్చింది, పొర మొత్తం మెల్లగా వెనక్కి వాలింది. ఆ మూల తెరుచుకోవడం నేను చూశాను ట్వైలా. అరవాలనిపించింది. నీ మీద కోపంగా ఉన్నాను కాబట్టి "అయిపోయింది" అని ఊరుకున్నాను. కూడబెట్టుకున్న ఆ అరుపు ఇంకా లోపలే ఉంది. జనవరిలో ఎడమకంటికి రా. ఒక కంట్లో మూల మూసుకుంటే రెండోదీ ఆగదని నీకు చెప్పాలా? ఈసారి పోటు రాకముందే, నవ్వుకుంటూ చేద్దాం.

సభ సంగతి. నువ్వు ఎటు మాట్లాడినా ఎడమకన్ను చేస్తాను. అది లంచం కాదు. బాస్కమ్ చెప్పినదాంట్లో నిజముంది, అది నీకూ నాకూ తెలుసు. వారం శిక్షణతో మిడిసిపడేవాడు ఒక్కడు చాలు, మనందరి పేరూ పోతుంది. నీకు ఏది నిజమనిపిస్తే అది చెప్పు. కాకపోతే నీ నోటితో నువ్వే చెప్పు, గార్లండ్ చేత చెప్పించకు.

ఓలీటా


హార్లన్
మే, 1999

ఓలీటా,

బిల్లు ఓడిపోయింది. కమిటీలోనే. ముందు అది తెలుసుకుని తర్వాత మిగతాది చదువు.

నీకు ఫోన్లో చెప్పమని లోవెల్ పోరుపెట్టాడు. ఫోన్లో చెబితే మధ్యలో నువ్వు శాసనసభ్యుల్ని ఒక్కొక్కరినీ తిడుతూ ఆపేస్తావు. అందుకే రాస్తున్నాను.

బాస్కమ్‌కి ఫిబ్రవరిలోనే చెప్పాను, మీ తరఫున మాట్లాడలేనండీ అని. ఎందుకని అడగలేదు. "మీ ఇష్టం" అన్నాడు. మార్చిలో, ఏప్రిల్లో క్లినిక్‌కి వచ్చినా కేఫ్‌కి రాలేదు. తెచ్చుకున్న శాండ్‌విచ్ కారులో కూర్చుని తిన్నాడు. అది చూస్తే నాకు కన్ను పోటుకంటే ఎక్కువ బాధేసింది.

సభలో ఆయన బాగా మాట్లాడాడు. అబద్ధం ఒక్కటి లేదు. చెడిన కళ్ళు ఎలా ఉంటాయో చెప్పాడు, తన చేతిలో చెడినవి కూడా రెండు చెప్పాడు. నేను నిటారుగా కూర్చున్నాను. ఇరవై ఏళ్ళలో ఆ మాటలు ఆయన నోట మొదటిసారి విన్నాను.

తర్వాత బిల్లు తరఫున నన్ను పిలిచారు. రాసుకున్న కాగితం ఉంది, నాలుగు వాక్యాలు చదివానో లేదో, హ్యూస్టన్ వైపు సభ్యుడొకాయన చెయ్యెత్తాడు. లావుపాటి మనిషి, మాట మాత్రం మెత్తన. "అమ్మా, మీరు చెప్పేవన్నీ బాగానే ఉన్నాయి. ఒక్కటడుగుతాను. మీ సొంత కన్ను అప్పగిస్తారా, సర్జను కానివాళ్ళకి?" అన్నాడు. వెనక కొందరు నవ్వారు.

"అప్పగించానండీ" అన్నాను. "కుడిది డిసెంబరులో, ఎడమది జనవరిలో. గీతకి అవతల నా స్నేహితురాలు చేసింది. ఆ పూట అమరిల్లోలో మంచి సర్జను నాకోసం సిద్ధంగా ఉన్నాడు. ఉన్నా నేను ఆవిడ దగ్గరికే వెళ్ళాను."

నవ్వు ఆగిపోయింది. నేను ముందు వరసలో బాస్కమ్ మెడ చూస్తూ ఉన్నాను. తిరగలేదు.

ఆ ఆగిన నవ్వు ఓట్లు మార్చలేదులే. అందరూ ముందే తేల్చుకుని వచ్చారు. రెండేళ్ళకి మళ్ళీ తెస్తారట. మళ్ళీ వెళతాను.

బయట వరండాలో ఆయన నా కోసం నిలబడి ఉన్నాడు. గెలిచిన మనిషిలా లేడు.

"నా దగ్గరికి రాలేదేం?" అన్నాడు.

"మీరు వేటకి వెళ్ళారు డాక్టరుగారూ."

"జనవరిలో ఇక్కడే ఉన్నాను."

"కోపమా?" అన్నాను.

"కోపం కాదు. ఇరవై ఏళ్ళు మీ ఊరొచ్చాను. మీ కళ్ళు ఒక్కసారి చూడలేదు. అది నాకు తట్టలేదు చూడండి" అన్నాడు. టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు.

నిన్న ఆయన క్లినిక్ రోజు. ఎప్పటికంటే ముందే వచ్చాడు. బయట ఇంకా పేషెంట్లు లేరు. కోటు విప్పకుండానే, "కూర్చోండి" అన్నాడు, నా కుర్చీ నాకే చూపించి. కూర్చున్నాను. చుక్క వేసి, కంటి లోపలి మూల చూపించే అద్దాల లెన్సు పెట్టి, రెండు కళ్ళూ చాలాసేపు చూశాడు. నేను పేషెంటులా భయపడ్డాను, నమ్ముతావా? నీ పని మీద నమ్మకం లేక కాదు. ఆయన నిజం చెబుతాడో లేదోనని.

లైటు ఆర్పేశాడు.

"బాగా చేసింది" అన్నాడు. "మూల చక్కగా తెరుచుకుంది. రెండు వైపులా."

"థాంక్స్ అండీ."

"కుడివైపుది నేనైతే ఇంకాస్త పైన పెట్టేవాణ్ణి."

"ఆవిడకి చెబుతాను."

"చెప్పండి." కోటు విప్పి తగిలించాడు. ఆ రోజు చూడాల్సినవాళ్ళ పేర్లు తిరగేసి ఒకచోట వేలు పెట్టాడు. "మిసెస్ ఇడా రెంపెల్. శుక్లం తీసి ఏడాదయింది, వెనక మసక. భర్త పోయాడు, హైవే మీద బండి నడపలేదు, అమరిల్లోకి రమ్మంటే రెండుసార్లు మానేసింది. మీ స్నేహితురాలు శనివారాలు చూస్తుందా?"

"చూస్తుంది."

"వచ్చే సభలో నేను మళ్ళీ వద్దనే చెబుతాను ట్వైలాగారూ."

"తెలుసండీ. నేను మళ్ళీ కావాలనే చెబుతాను."

తల ఊపాడు. మధ్యాహ్నం కేఫ్‌కి వచ్చాడు. పీకన్ పై ముక్క తిన్నాడు.

ఇడాని వచ్చే శనివారం లోవెల్ తీసుకొస్తాడు, నేనూ వస్తాను. మాట తక్కువ మనిషి, భయం ఎక్కువ. వినికిడి కూడా కాస్త తక్కువే. ఎడమచెవి వైపు కూర్చుని, ఏం చేస్తున్నావో చేసేముందు చెప్పు. చురుక్కుమంటుందని నేను చెప్పేశాను.

ట్వైలా